రోంత

చిత్తూరు బెల్లం మండీలో
నా కీబోర్డుకి కూడా చీమలు పడతాయి.
'క' నొక్కితే రెండుసార్లు పడుతుంది,
'ల' దిగితే లేవదు.
ఆ మీటల మీదే వేలూరు సేటుకి రాసినాను:
"సరుకు రోంత తడిసుండాది, ధర చూసి చెప్పండి."
కంప్యూటరు నాకంటే చదువుకున్నది.
రోంతని రోతగా దిద్ది పంపించింది.

సేటు తన లారీని గుడిపాల కాడ్నుంచే వెనక్కి తిప్పినాడు.
దొరసామి నాయుడు నన్నేమీ అనలేదు.
ఖాళీ కాటా మీద రాయి పెట్టి తీసి, పెట్టి తీసి,
పొద్దుగూకేదాకా అదే పని.

ఈ దిద్దే యంత్రాన్ని చేసిందెవరు?
తిట్టడానికని వెతికితే
ఆఫీసు లేదు, బోర్డు లేదు, యజమాని లేడు.
ఉద్యోగాలయ్యాక, పిల్లలు నిద్రపోయాక
జీతం లేకుండా రాసేవాళ్ళు పదకొండు మంది.
పదాల పట్టీ అందరికీ కనబడేలా బయటే ఉంది.
తలుపు చేరేసుంది, గడియ పెట్టలేదు.
"తప్పు కనబడితే దిద్ది పంపండి" అని రాసుంది.
వెనక్కి తిరిగి చూసినాను,
నాతో కాకుండా ఇంకెవరితోనైనా అంటున్నారేమోనని.

మూడు రాత్రులు నియమాలు చదివినాను.
కొమ్మ చేసుకోమన్నారు, నాకు చెట్టే కనబడలేదు.
నాలుగో రాత్రి, గ్రీమ్స్‌పేటలో
కరెంటు వచ్చి పోయే మధ్యలో,
పట్టీని నా లెక్కల ప్రోగ్రాములో తెరిచి
రోంత అని ఒక్క మాట చేర్చి
పంపేసి దుప్పటి కప్పుకున్నాను,
ఎవరింటి మీదో రాయి వేసొచ్చినట్టు.

తెల్లారి జవాబు:
"చేర్చింది ఒక మాట.
మారింది నలభై ఒక్క వేల లైన్లు."
లెక్కల ప్రోగ్రాము ప్రతి లైను చివరా
కంటికి కనబడని గుర్తొకటి అతికించిందంట.
ఒక్క అచ్చు తెమ్మంటే
మండీ మొత్తం తిరగేసి పేర్చొచ్చినానన్నమాట.
వారం రోజులు ఆ పక్కకే పోలేదు.

ఎనిమిదో రోజు అదే మనిషి,
సిరిసిల్ల సదానందం, మళ్ళీ రాసినాడు:
"ఫికర్ చెయ్యకు చెల్లె.
నేను మొదలు పంపినప్పుడు పట్టీ మొత్తం ఖాళీ అయింది.
మామూలు ఎడిటర్ల తెరువు, మళ్ళ పంపు.
గని ఈ మాట నేనెన్నడు వినలే.
మా దిక్కు జర అంటం.
వాడకంల ఉన్నట్టు మూడు వాక్యాలు తెచ్చియ్యి."

మూడేంది, ఇక్కడ పూటకి ముప్పై దొరుకుతాయి.
నోటుబుక్కు పట్టుకుని మండీలో తిరిగినాను.
"రోంత జరగమ్మీ, దిమ్మె కాలి మీద పడతాది."
"నిన్నట్నుంచి మోకాలు రోంత మేలు."
మూడోది కుప్పమ్మ చెప్పింది, బుట్ట దించకుండానే:
"ఆయప్ప మంచోడే, బుద్దే రోంత తక్కువ."
ఎవరి గురించని నేనడగలేదు.
నాయుడు అక్కడే నిలబడుండాడు.

రాత్రి పదకొండు నలభైకి కలిపేసినారు.
కూడిక ఒకటి. తీసివేత సున్నా.
పన్నెండేళ్ళుగా ఖాతాలు రాస్తా ఉండాను,
ఇంత చిన్న జమకి చేతులు వణికింది ఇదే మొదలు.
పట్టీలో ఇప్పుడది
రోకలికి పైన, రోగానికి పైన,
రోతకి చాలా పైన కూర్చోనుంది.

నా కంప్యూటరుకి మాత్రం ఈ సంగతి ఇంకా తెలీదు.
కొత్త కూర్పు వచ్చేదాకా
దాని కింద ఎర్రగీత గీస్తానే ఉంటుంది.
గీయనీ.

"కూలెంత ఇచ్చినారు?" కుప్పమ్మ అడిగింది.
ఏమీ లేదన్నాను.
"ఆ పదకొండు మందికో?"
వాళ్ళకీ లేదు.
రోంతసేపు నన్నే చూసింది.
బుట్ట అడుగున విరిగిన దిమ్మెల మూలలు మిగులుతాయి,
మండీలో వాటిని ఎవరూ తూకం వెయ్యరు,
ఎవరి చెయ్యి చాస్తే వాళ్ళవి.
అందులోంచి ఒక తునక నా చేతిలో పెట్టి,
వేళ్ళు కొంగుకి తుడుచుకుంటా అనింది:
"ఇంకో మాటుండాదమ్మీ. రాసుకుంటావా?"